ఆస్పత్రి శానిటేషన్ టెండర్‌కు న్యాయమైన మార్కుల పట్టిక వేయడం ఎలా

టెండర్ వేయబోయేవాళ్ల సందేహాలు తీర్చే ప్రీ బిడ్ మీటింగ్ అయిపోవచ్చింది. టీ కప్పులు తీసేస్తున్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక కుర్రాడు లేచి, "సార్, పేజీ 31లో 'పని విధానం బాగుంటే 30 మార్కులు' అని ఉంది. బాగుండటం అంటే ఏంటి సార్? ఏం రాస్తే 30 వస్తాయి, ఏం రాస్తే 10 వస్తాయి?" అని అడిగాడు. కమిటీలో అయిదుగురం ఉన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి ఒకాయన "అది కమిటీ చూసుకుంటుంది" అని మీటింగ్ ముగించేశారు. ఆ కుర్రాడు టెండర్ వేయలేదు. ఆ పేజీ 31 రాసింది నేనే.

ఆ తర్వాత చాలా టెండర్లకు మార్కుల పట్టికలు వేశాను. వేసిన ప్రతిసారీ ఆ ప్రశ్ననే ముందు పెట్టుకున్నాను: ఈ కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుని, మాలో ఎవరి మొహమూ తెలియని మనిషి తన మార్కులు తనే లెక్కేసుకోగలడా? లెక్కేసుకోగలిగితే ఆ పట్టిక న్యాయమైనది. లేకపోతే కమిటీలో ఎంత నిజాయితీపరులున్నా అది న్యాయమైనది కాదు.

ఈ గైడ్‌కు ఒకే ఉదాహరణ తీసుకుంటాను. 200 పడకల ప్రభుత్వ ఆస్పత్రి, ఏడాదికి సుమారు కోటి రూపాయల శానిటేషన్ కాంట్రాక్టు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, ఆర్థిక శాఖ మాన్యువల్స్ వర్తిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎవరి జీవోలు వారికున్నాయి. మీ శాఖ జీవో ఏం చెబుతుందో ముందు చూసుకోండి. కింద చెప్పిన లెక్కలు, జాగ్రత్తలు మాత్రం ఎక్కడైనా పనికొస్తాయి.

1. ముందు వార్డుల్లో తిరగండి

ఆఫీసులో కూర్చుని మొదలుపెడితే పాత టెండర్ కాపీ తీసి తేదీలు మార్చడమే అవుతుంది. పొద్దున్నే ఆరింటికి ఆస్పత్రికి వెళ్లండి. ఒకసారి నేను అలా వెళ్లినప్పుడు లేబర్ రూమ్ బయట పసుపు సంచి, ఎర్ర సంచి పక్కపక్కనే ఉన్నాయి. రెండిట్లోనూ ఒకటే కలగాపులగం: రక్తం అంటిన దూది, సెలైన్ గొట్టాలు, ఇడ్లీ పొట్లం కాగితాలు. బయోమెడికల్ వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా విడదీయాలని 2016 రూల్స్ చెబుతున్నాయి. ఆ రంగుల బొమ్మ గోడకే అతికించి ఉంది. నైట్ డ్యూటీ దిగుతున్న హెడ్ నర్సును అడిగితే, "మనుషులు లేక కాదండీ, చెప్పేవాళ్లు లేక. సూపర్‌వైజర్ పదింటికి వస్తాడు" అన్నారు.

పాత టెండర్‌లో సూపర్‌వైజర్ గురించి ఒక్క మార్కు లేదు. ఫినాయిల్ బ్రాండు మీద అయిదు మార్కులున్నాయి.

ఇలా తిరిగి ఎక్కడెక్కడ పని దెబ్బతింటోందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత పట్టికలో పెట్టాలనుకున్న ప్రతి అంశాన్నీ, 'దీనికి మార్కులు ఇస్తే ఏ వార్డులో ఏం మారుతుంది?' అని అడగండి. జవాబు లేని అంశాన్ని కొట్టేయండి.

2. అర్హతను, మార్కులను కలపకండి

అర్హత అంటే గడప. దాటాడా లేదా, అంతే. మార్కులు గడప దాటిన వాళ్లలో ఎవరు మెరుగో చెప్పడానికి. ఈ రెండూ కలిసిపోయిన టెండర్లు చాలా చూశాను. 50 లక్షల టర్నోవర్ ఉంటేనే రమ్మంటారు, వచ్చాక రెండు కోట్లుంటే 10 మార్కులు, అయిదు కోట్లుంటే 20 మార్కులు అంటారు. కోటి రూపాయల పనికి అయిదు కోట్ల టర్నోవర్ ఉన్నవాడు రెండు కోట్లవాడి కంటే బాగా ఊడుస్తాడని ఎవరు చెప్పారు? ఆర్థిక స్తోమత ఎంత అవసరమో అంతవరకు గడపలో పెట్టి, పట్టికలోంచి తీసేయండి.

గడప ఎంత ఎత్తు ఉండాలి? పనులకు సంబంధించి కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన సూచన ఇప్పటికీ మంచి కొలత. గత మూడేళ్ల సగటు టర్నోవర్ అంచనా విలువలో కనీసం 30 శాతం. అనుభవం విషయంలో అంచనా విలువలో 40 శాతానికి తగ్గని పనులు మూడు, లేదా 50 శాతానికి తగ్గనివి రెండు, లేదా 80 శాతానికి తగ్గనిది ఒకటి. ఇంతకంటే ఎత్తు పెట్టాలనుకుంటే ఎందుకో ఫైలులో రాయండి. రాయడం మొదలుపెట్టగానే చాలాసార్లు కారణం లేదని మనకే తెలిసిపోతుంది.

గడపలో ఎప్పుడూ పెట్టకూడనిది 'మా రాష్ట్రంలోనే, మా శాఖలోనే పనిచేసి ఉండాలి' అనే షరతు. ఛత్తీస్‌గఢ్‌లో బడులకు ఆటవస్తువుల కిట్ల టెండర్‌లో, ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే గత మూడేళ్లలో 6 కోట్ల రూపాయల సరుకు ఇచ్చి ఉండాలన్న షరతును 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బయటివాళ్లకు తలుపు మూసేసి పోటీ పెట్టామంటే కుదరదని తేల్చింది. శానిటేషన్‌కూ అంతే. బెంగళూరు ఆస్పత్రిలో అంటిన రక్తమూ, గుంటూరు ఆస్పత్రిలో అంటిన రక్తమూ ఒకే రకంగా కడగాలి.

ఇంకోటి, రాసిన గడపను మీరే తర్వాత దాటవేయకూడదు. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో జరిగింది ఇదే. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు, స్నాక్ బార్లు నడపడానికి, కనీసం అయిదేళ్ల అనుభవమున్న రిజిస్టర్డ్ రెండో తరగతి హోటల్‌వాళ్లు కావాలని నోటీసు ఇచ్చారు. చివరికి ఆ అర్హత లేనివాళ్లకు ఇచ్చారు. కేసు వేసినాయన ఆలస్యంగా కోర్టుకు వచ్చారన్న కారణం కూడా చూపి సుప్రీంకోర్టు ఆ కాంట్రాక్టును రద్దు చేయలేదు కానీ, ప్రభుత్వం తాను పెట్టిన కొలతకు తానే కట్టుబడాలని గట్టిగా చెప్పింది. అర్హత లేదని ఇంట్లో కూర్చుండిపోయిన మిగతావాళ్ల సంగతి ఏమిటన్నది అందులో అసలు ప్రశ్న. షరతు సడలిస్తారని తెలిస్తే వాళ్లూ టెండర్ వేసేవాళ్లు కదా.

3. ఎల్‌1 (అందరికంటే తక్కువ ధర వేసినవారికి ఇవ్వడం) సరిపోతుందేమో మొదట ఆలోచించండి

మార్కులు పెట్టడమే గొప్ప అనుకోకండి. బెడ్‌షీట్లు, ప్రింటర్ కాగితం, సిమెంటు రోడ్డు లాంటివాటికి స్పెసిఫికేషన్ సరిగ్గా రాసి, తక్కువ ధరకు ఇవ్వడమే అన్నిటికన్నా న్యాయం. మార్కులు ఉన్నచోట మనిషి అభిప్రాయం ఉంటుంది, అభిప్రాయం ఉన్నచోట అనుమానం వస్తుంది.

శానిటేషన్‌లో ఎల్‌1 ఇబ్బంది పెట్టేది జీతాల దగ్గర. ఖర్చులో పెద్ద భాగం కార్మికుల కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ. అవి చట్టం ప్రకారం అందరికీ ఒకటే. తగ్గించుకోగలిగింది సర్వీస్ చార్జి, అంటే వాటి మీద కాంట్రాక్టర్ తన కోసం వేసుకునే శాతం ఒక్కటే. దాంతో సున్నా కోట్ చేసేవాళ్లు పుట్టుకొచ్చారు. సున్నాకు పనిచేసేవాడు డబ్బు ఎక్కడ తీసుకుంటాడు? కార్మికురాలి జీతంలోంచే. ఆమె ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకునే కాంట్రాక్టర్లు ఉన్నారని ఆస్పత్రుల్లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. అందుకే సున్నా కోట్ చేసిన బిడ్‌ను పరిగణించవద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2014లోనే చెప్పింది. ప్రభుత్వ ఆఫీసులు ఆన్‌లైన్‌లో కొనుగోళ్లు చేసే జెమ్ పోర్టల్‌లో మ్యాన్‌పవర్ సేవలకు కనీస సర్వీస్ చార్జి 3.85 శాతంగా పెట్టారు. దాంతో మరో చిక్కు వచ్చింది. అందరూ సరిగ్గా 3.85 కోట్ చేస్తారు, టై పడుతుంది. అప్పుడు మార్కులు కావాల్సిందే.

నాణ్యత, ధర రెండూ కలిపి చూసే పద్ధతిని క్యూసీబీఎస్ అంటాం. కన్సల్టెన్సీలకు ఇది ఎప్పటినుంచో ఉంది. కన్సల్టెన్సీ కాని సేవలకు కేంద్రం 2021 అక్టోబరులో వీలు కల్పించింది. అయితే అంచనా విలువ 10 కోట్లు దాటకూడదు, లేదా నాణ్యతకు ప్రాధాన్యం ఉన్న కొనుగోలు అని అధీకృత అధికారి ప్రకటించాలి. ధరేతర అంశాల వెయిటేజీ 30 శాతం దాటకూడదు. మన ఉదాహరణలోనూ సాంకేతికానికి, అంటే ధర కాని అంశాల మార్కులకు 30, ధరకు 70 తీసుకుందాం.

4. పట్టిక రాయడం

ప్రతి అంశానికీ మూడు విషయాలు ఒకేచోట ఉండాలి: ఏం ఉంటే ఎన్ని మార్కులు, దానికి రుజువు ఏ కాగితం, ఆ కాగితాన్ని ఎవరు ఎలా సరిచూస్తారు. నేనైతే 100 మార్కులను ఇలా పంచుతాను.

ఆస్పత్రి అనుభవం, 25. గత అయిదేళ్లలో 100 లేదా అంతకంటే ఎక్కువ పడకల ఆస్పత్రిలో పూర్తిచేసిన ప్రతి 12 నెలలకు 5 మార్కులు, 50 నుంచి 99 పడకలకు 3, మొత్తం 25 దాటదు. ఆ రెండో మెట్టు లేకపోతే 99 పడకల ఆస్పత్రి నడిపినవాడికి సున్నా వస్తుంది. ప్రభుత్వ, ప్రైవేటు అనుభవాలు సమానం. ప్రైవేటు సర్టిఫికెట్‌కు తోడుగా ఫారం 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ రికార్డు) టీడీఎస్ ఎంట్రీ, అంటే ఆ బిల్లుల మీద పన్ను కోసినట్టు నమోదు అడగండి. ఉత్తుత్తి సర్టిఫికెట్లు అక్కడే బయటపడతాయి.

జీతాల రికార్డు, 20. గత 12 నెలల పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు. తర్వాతి నెల 15లోపు కట్టాలన్నది రూలు. అన్నీ గడువులో ఉంటే 20. ఆలస్యమైన ప్రతి నెలకూ 2 తగ్గుతుంది. ఈ అంశాన్ని చాలా టెండర్లలో చూడను, ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. జీతం టైముకు పడని కార్మికురాలు పని మానేస్తుంది, ఆమె మానేసిన వార్డు ఆ రోజు కంపు కొడుతుంది. మార్కులు వేయడం కూడా ఎంతో తేలిక, చలాన్ మీద తేదీ ఉంటుంది.

సూపర్‌వైజర్లు, 20. మూడు షిఫ్టుల్లోనూ ఒకరు ఉంటే 12, రెండు షిఫ్టులకు 6. ప్రతిపాదించిన సూపర్‌వైజర్లలో బయోమెడికల్ వ్యర్థాల మీద శిక్షణ పొందిన ఒక్కొక్కరికీ 2, గరిష్ఠం 8.

యంత్రాలు, 10. స్క్రబ్బర్, వెట్ వాక్యూమ్ లాంటివి సొంతానివా, లీజువా అన్నది అనవసరం. పని మొదలయ్యేనాటికి ఉంటాయని హామీ ఉంటే చాలు. ముందే కొని ఉండాలంటే ఇప్పుడు పని చేస్తున్న కాంట్రాక్టర్‌కే లాభం.

పని ప్రణాళిక, 25. ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న దీని గురించే. 'పని విధానం బాగుంటే' అని రాయకండి. అయిదు ప్రశ్నలు ఇవ్వండి, ఒక్కోదానికి 5 మార్కులు. ఉదాహరణకు, 'ఒకే రోజు 8 మంది రాకపోతే ఏ వార్డుల్లో ఏ క్రమంలో పని సర్దుతారు?' దీనికి మార్కులు కూడా అక్కడే రాయండి. వార్డుల క్రమం, బదులు మనుషులు వచ్చే సమయం, ఎవరికి ఫోన్ చేయాలో మూడూ ఉంటే 5. రెండు ఉంటే 3. ఒకటుంటే 1. మామూలు మాటలుంటే సున్నా. ఇలా రాస్తే ఇద్దరు సభ్యులు వేరువేరుగా దిద్దినా ఇంచుమించు ఒకటే వస్తుంది.

ఐఎస్‌ఓ సర్టిఫికెట్లకు మార్కులు పెట్టమని మీటింగుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నేను పెట్టను. సర్టిఫికెట్ ఆఫీసు గోడకు ఉంటుంది, చీపురు వార్డులో ఉంటుంది. చట్టప్రకారం తప్పనిసరి అయిన లైసెన్సుంటే అది గడపలోకి పోతుంది.

కనీస మార్కుల సంగతి జాగ్రత్తగా చూడండి. పైన 100లో 75 మార్కులు కాగితాలు చూసి వేసేవి, 25 మాత్రమే మనిషి దిద్దేవి. కటాఫ్ 60 పెడితే, ప్రణాళికలో సున్నా వేసినా మిగతావి బాగున్నవాడు నిలబడతాడు. కటాఫ్ 80 పెట్టారనుకోండి, కమిటీ దయ లేకుండా ఎవరూ దాటలేరు. నచ్చనివాడిని ధర కవరు తెరవకుండానే పంపేసే దారి ఇదే. కటాఫ్ ఎప్పుడూ కాగితాలతో వచ్చే మార్కుల కంటే తక్కువే ఉండాలి.

5. మార్కులను రూపాయల్లోకి మార్చి చూడండి

ఈ ఒక్క మెట్టు కోసమే ఈ గైడ్ రాస్తున్నానన్నా తప్పులేదు. వెయిటేజీల గురించి గంటలు వాదించుకుంటాం కానీ, 'ధర' అంటే ఏ ధర అన్నది ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తాం. ఆ వాక్యమే టెండర్‌ను అటూ ఇటూ చేస్తుంది.

జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపి ఏడాదికి 96 లక్షలు, అందరికీ ఒకటే అనుకుందాం. మొదటి సంస్థకు సాంకేతికంలో 90, సర్వీస్ చార్జి 7 శాతం, అంటే 6.72 లక్షలు, మొత్తం 102.72 లక్షలు. రెండో సంస్థకు 75, సర్వీస్ చార్జి 4 శాతం, అంటే 3.84 లక్షలు, మొత్తం 99.84 లక్షలు. ధర మార్కుల సూత్రం మామూలుదే: తక్కువ ధరను ఆ బిడ్డర్ ధరతో భాగించి వందతో గుణించడం.

మొత్తం ధర మీద లెక్కేస్తే, మొదటి సంస్థకు సాంకేతికం వాటా 27, ధర వాటా 68.04, కలిపి 95.04. రెండో సంస్థకు 22.5, 70, కలిపి 92.5. మొదటిది గెలిచింది.

అదే సర్వీస్ చార్జి మీద మాత్రమే లెక్కేస్తే, మొదటి సంస్థ ధర వాటా 70లో నాలుగు బై ఏడు, అంటే 40. కలిపి 67. రెండో సంస్థకు 92.5. రెండోది 25.5 మార్కుల తేడాతో గెలిచింది.

బిడ్లు అవే, మనుషులు అవే, 30:70 కూడా అదే.

ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. ఈ ఇద్దరి మధ్య 15 సాంకేతిక మార్కుల తేడా అంటే తుది స్కోరులో 4.5 పాయింట్లు. మొత్తం ధర పద్ధతిలో ఆ 15 మార్కుల కోసం ఏడాదికి దాదాపు 7 లక్షలు ఎక్కువ ఇవ్వడానికి మీరు సిద్ధమన్నమాట. సర్వీస్ చార్జి పద్ధతిలో అదే 15 మార్కులకు మీరు కట్టిన విలువ సుమారు 26 వేలు. రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌కు రెండు నెలల జీతం కూడా రాదు. ఇక పట్టిక మీద పడ్డ శ్రమంతా దండగే.

మరోవైపు కన్సల్టెన్సీల్లో నాణ్యతకు 70, ధరకు 30 పెట్టేటప్పుడు ఈ లెక్క ఇంకా ముఖ్యం. కోటి రూపాయల బిడ్ మీద అక్కడ 15 మార్కుల విలువ దాదాపు 54 లక్షలు. అంత ఇచ్చేంత తేడా ఆ పట్టిక నిజంగా కొలుస్తోందా అని ఆలోచించుకోండి. రూపాయల్లో రాసి పై అధికారి ముందు పెడితే వెయిటేజీ వాదన పది నిమిషాల్లో తేలిపోతుంది.

6. ఉత్తుత్తి బిడ్లతో దిద్ది చూడండి

నోటీసు ఇవ్వకముందే నాలుగు కల్పిత బిడ్లు తయారుచేయండి: పెద్ద సంస్థ ఒకటి, మధ్యస్థం ఒకటి, కొత్తగా వచ్చిన చిన్నది ఒకటి, ప్రస్తుత కాంట్రాక్టర్ లాంటిది ఒకటి. పట్టికతో సంబంధం లేని ఇద్దరికి ఇచ్చి విడివిడిగా దిద్దమనండి. ఒక అంశంలో ఇద్దరి మార్కులూ బాగా తేడా వస్తే ఆ వాక్యం సరిగ్గా రాయలేదన్నట్టే. మళ్లీ రాయండి. నాలుగిట్లో ఒకే బిడ్ కటాఫ్ దాటితే, తెలిసో తెలియకో ఒకరి కొలతలకు చొక్కా కుట్టారన్నమాట.

టై పడితే ఏం చేస్తారో కూడా ఇప్పుడే రాయండి. సాంకేతిక మార్కులు ఎక్కువ వచ్చినవారికి, అవీ సమానమైతే జీతాల రికార్డులో ఎక్కువ వచ్చినవారికి, లేదా మరోలా. ఏది రాసినా ముందే రాయాలి. చిన్న సంస్థలకు ధరలో ఇచ్చే ప్రాధాన్యం మీ టెండర్‌కు వర్తిస్తే, అది మార్కుల తర్వాత ఏ దశలో, ఎలా లెక్కలోకి వస్తుందో కూడా చెప్పండి.

7. నోటీసు ఇచ్చాక

ప్రీ బిడ్‌లో వచ్చిన ప్రతి ప్రశ్నకూ రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా జవాబు పెట్టండి. అడిగినవాడి పేరు వేయకండి. పట్టికలో మార్పు అవసరమైతే కోరిజెండం (సవరణ నోటీసు) ఇచ్చి గడువు పెంచండి. బిడ్లు తెరిచాక మాత్రం ఒక్క అక్షరం మారకూడదు. అప్పుడు పుట్టే ఉపసూత్రాలే, 'అనుభవం అంటే మెడికల్ కాలేజీ అనుభవమని మా ఉద్దేశం' లాంటివే, టెండర్లను కోర్టుకు లాగుతాయి. ఎవరికి ఇచ్చారన్నదానికంటే ఎలా తేల్చారన్నదే కోర్టులు చూస్తాయని 1994 టాటా సెల్యులర్ తీర్పు నుంచీ వింటున్నాం.

దిద్దే రోజు సభ్యులు ముందుగా, ఏ బిడ్డర్‌తోనూ బంధుత్వం, లావాదేవీలు లేవని సంతకం చేయాలి. ప్రణాళిక మార్కులు ఎవరికి వారు వేసి కాగితం మడిచి ఇచ్చాకే చర్చ. లేకపోతే పెద్దాయన ఏ అంకె అంటే అందరిదీ అదే అవుతుంది, నేను చూసిన కమిటీల్లో చాలాసార్లు అదే జరిగింది. చర్చ తర్వాత ఎవరైనా మార్కు మార్చుకుంటే పాత అంకె కొట్టేసి, పక్కన కారణం ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. వైట్‌నర్ వాడకండి.

సాంకేతిక మార్కులు అంశాలవారీగా అందరికీ చూపించి, అభ్యంతరాలకు రెండు మూడు రోజులు ఇచ్చి, వాటికి జవాబిచ్చాకే ధర కవర్లు తెరవండి. ధర తెలిసాక మార్కులు ముట్టుకుంటే ఎంత సదుద్దేశంతో చేసినా ఎవరూ నమ్మరు.

8. మార్కులు ఇచ్చిన మాటలను అగ్రిమెంట్‌లో పెట్టండి

మూడు షిఫ్టులకు సూపర్‌వైజర్లను పెడతానని 12 మార్కులు తెచ్చుకున్న సంస్థ, మూడో నెలకల్లా రాత్రి షిఫ్టు ఎత్తేస్తే, ఒక షిఫ్టే చెప్పి నిజం రాసినందుకు ఓడిపోయినవాడికి అన్యాయం చేసింది మనమే. గెలిచిన బిడ్‌లో మార్కులు తెచ్చిన ప్రతి మాటనూ తీసి ఒక అనుబంధంగా అగ్రిమెంట్‌కు కలపండి. ఒక్కోదానికి నెలవారీ రుజువు, లేకపోతే బిల్లులో ఎంత కోత అన్నది ఎదురుగా ఉండాలి. రాత్రి సూపర్‌వైజర్ హాజరును సంతకం చేయాల్సింది కాంట్రాక్టర్ కాదు, డ్యూటీలో ఉన్న హెడ్ నర్సు. బిల్లుకు ఆ నెల పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, కార్మికుల ఖాతాల్లో జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తేనే అకౌంట్స్‌కు వెళ్లాలి.

ఆ అనుబంధం కాపీ ఒకటి హెడ్ నర్సు గదిలో గోడకు అతికించండి, రంగుల సంచుల బొమ్మ పక్కనే.